రాతిని చూచి రాకుము, చేతిని చూచి రమ్ము

వేదపాఠము: నిర్గమకాండము 35:30–35, యోబు 28:1–12, 28



పంట యిల్లు చేరిన తరువాతను, గని పనివారికి బోనసు చేతికందిన దినములలోను మన సంఘములలో యాత్రల మాట వినబడును. పది కుటుంబములు కలిసి బండి మాటలాడుకొని మెదకు గుడికి పోయి వత్తురు. కలిగినవారు బేత్లెహేము వరకు పోవలెనని ఏండ్ల తరబడి సొమ్ము కూడబెట్టుదురు. ఇది మంచిదే. అయితే అక్కడ ఏమి చూడవలెను? గోపురమెంత ఎత్తని అడిగి, ఫొటో తీసుకొని తిరిగి వచ్చినయెడల అది ప్రయాణమగును గాని పాఠము కాదు. ఈ నెల మనము నేర్చుకొనవలసినది ఇదే.

1. వాక్యము చెప్పు సంగతి

ఇశ్రాయేలీయులు ఐగుప్తులో జిగటమన్ను పిసికి ఇటుకలు చేసిన దాసులు. వారి చేతులు కఠిన సేవతో కాయలు కాచినవి. అట్టి జనములో నుండియే దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచెను. బంగారు, వెండి, ఇత్తడి పనులకును, రత్నములను సానబెట్టుటకును, కఱ్ఱ చెక్కుటకును అతనిని తన ఆత్మతో నింపెను. అహోలీయాబును అతనికి తోడిచ్చెను. అంతకు ముందే యాజక వస్త్రములు కుట్టువారిని జ్ఞానాత్మతో నింపితినని దేవుడు సెలవిచ్చియున్నాడు (నిర్గమ. 28:3). గమనించుడి, దేవుడు ఆత్మతో నింపెనను మాట వేదములో మొదట ప్రసంగికుని గూర్చి కాక, దర్జీని గూర్చియు కంసాలిని గూర్చియు వ్రాయబడెను.

యోబు 28వ అధ్యాయమును రామగుండము, గోదావరిఖని గనులలో దిగువారు తమ అధ్యాయమని చదువుకొనవచ్చును. మనుష్యుడు చీకటిని జయించి భూమి లోతున రాతిని వెదకుట, పైన నడచువారు మరచిన చోట త్రాళ్లపై వ్రేలాడుట అక్కడ వర్ణింపబడెను. అయినను జ్ఞానము ఆ లోతులలో దొరకదనియు, దేవుని భయమే జ్ఞానమనియు ఆ అధ్యాయము ముగియుచున్నది. చేతిపని ఘనమైనది. అయితే చేతిపనియే దేవుడు కాదు.

2. దగ్గరనున్న పనిశాలలు

గోదావరిఖని నుండి రాజీవ్ రహదారి మీద పోయిన కరీంనగరము వచ్చును. అక్కడ వెండి తీగ పని ప్రసిద్ధమైనది. వెండిని కరిగించి సన్నని తీగగా లాగి, రెండు తీగలను మెలిపెట్టి అణచి, పువ్వులుగా లతలుగా వంచి, చట్టములో అమర్చి అతుకుదురు. అత్తరుదానులు, పళ్లెములు ఈ విధముగా తయారగును. చూడగా వెండితో అల్లిన లేసువలె నుండును. వెండిని శుద్ధిచేయువాడు కూర్చుండునని మలాకీ 3:3లో ఉన్నది. ఏల కూర్చుండవలెను? మూస నుండి కన్ను తీసినయెడల లోహము చెడును గనుక. దేవుడు మనలను శ్రమల కొలిమిలో పెట్టి లేచిపోవువాడు కాడని ఆ పనివాని చెంత నిలిచినవారికి సులభముగా తెలియును.

హైదరాబాదు–వరంగల్లు దారిలో జనగామ దగ్గర పెంబర్తి యున్నది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క పరుపు మీద నుంచి, ఉలితో సుత్తితో తట్టి బొమ్మలు లేపుదురు. సొలొమోను మందిరమునకు ఇత్తడి పని చేసిన హీరాము ఒక విధవరాలి కుమారుడు, అతని తండ్రి తూరు పట్టణపు ఇత్తడి పనివాడు (1 రాజులు 7:13–14). తండ్రి నేర్పిన విద్యయే దేవుని మందిరమునకు ఉపయోగపడెను.

3. మెదకు, డోర్నకల్

మెదకు గుడిని కట్టించినది వెస్లియన్ మిషను వారి పాస్నెట్ దొరగారు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. యేసు జననము, సిలువ, ఆరోహణములను చూపు గాజు కిటికీలు అందరును చూతురు. అయితే ఆ గోడలు లేచినది కరవు కాలమున. ఆకలిగొన్నవారికి పనియు అన్నమును దొరుకుటకై ఆ కట్టడము సాగెను. గనుక ఆ రాళ్లను తాకునప్పుడు వాటిని మోసిన కూలివాని తలపాగాను, తట్ట నెత్తిన పెట్టుకొనిన తల్లిని తలంచుకొనుడి.

డోర్నకల్ రైలు జంక్షన్ మనకు చుట్టమే. ఇల్లందు బొగ్గు గనులకు చీలిన దారి అక్కడనే కలియును. 1912లో ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్యగారు అక్కడ కట్టించిన ఎపిఫనీ కతీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దాని గుమ్మటములు మసీదును, స్తంభములు దక్షిణదేశపు దేవాలయ మండపమును జ్ఞాపకము చేయును. ఈ దేశపు పనివారి విద్యయు క్రీస్తు పాదములయొద్ద పెట్టదగిన కానుకయేనని ఆ కట్టడము సాక్ష్యమిచ్చుచున్నది.

4. సాలార్‌జంగ్ మ్యూజియములో రిబ్కా

హైదరాబాదులోని ఈ మ్యూజియము 1951లో ప్రజల కొరకు తెరవబడెను. అందులో ముసుగు వేసికొనిన రిబ్కా విగ్రహమున్నది. ఇటలీ శిల్పి బెంజోని చేసిన ఈ విగ్రహమును మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొనెను. చలువరాతి ముసుగు వెనుక ముఖము కనబడునట్లుండును. ఆదికాండము 24:65 చదివి దాని యెదుట నిలువుడి. తెలియని దేశమునకు విశ్వాసముతో బయలుదేరిన కన్య అక్కడ నిలిచియున్నది.

5. బేత్లెహేములోని పనివారు

పాలస్తీనా పట్టణములలోను గుడి ప్రక్కనే పనిశాలలున్నవి. బేత్లెహేములోని జనన దేవాలయమునకు పునాది నాలుగవ శతాబ్దములో పడెను. 2012లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చబడెను. దాని వాకిలి సుమారు నాలుగు అడుగుల ఎత్తు మాత్రమే గనుక ఎవరైనను వంగియే లోపలికి పోవలెను. గని కప్పు క్రింద వంగి నడచువానికి ఆ వాకిలి క్రొత్త కాదు. ఆ పట్టణపు క్రైస్తవ కుటుంబములు ఒలీవ కఱ్ఱతోను ముత్యపు చిప్పతోను బొమ్మలు, సిలువలు చెక్కి జీవించుచున్నవి. ఒలీవ చెట్టును నరుకక, కత్తిరించిన కొమ్మలనే వాడుదురు. హెబ్రోనులో గాజు ఊదుదురు. యాకోబు బావి యున్న నాబ్లుసులో ఒలీవ నూనెతో సబ్బు చేయుదురు.

2023 అక్టోబరులో యుద్ధము మొదలైన పిమ్మట యాత్రికులు రాక ఆ దుకాణములు అనేకము మూతపడెను. 2023లోను 2024లోను బేత్లెహేములో క్రిస్మసు దీపాలంకారము లేకయే గడచెను. రాళ్లు నిలిచియుండెను, చేతులు ఖాళీ ఆయెను. రాతిని మాత్రమే ప్రేమించు యాత్రికునికి ఈ దుఃఖము కనబడదు.

6. మనము చేయవలసినది

మొదటిది, పనివానియొద్ద కొనునప్పుడు అతని కూలిని తెగబేరమాడి తగ్గింపవద్దు. పట్టిన కూలి దేవుని చెవిలో మొఱ్ఱపెట్టును (యాకోబు 5:4). పెద్ద దుకాణములో మారుమాట లేక చెల్లించి, ముసలి కంసాలియొద్ద పది రూపాయలకు వాదించుట యాత్రికునికి తగదు.

రెండవది, అతని పేరడుగుడి. దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచెను గదా.

మూడవది, ఇంటికి వచ్చి మన సంఘమును చూచుకొనుడి. ఆఫీసరు ముందు వరుసలోను, కాంట్రాక్టు కార్మికుడు తలుపు దగ్గరను కూర్చుండుట మన గుడిలో ఉన్నదా? ఉన్నయెడల, ప్రభువు బల్ల దానిని ఒప్పుకొనదు. మేస్త్రి, దర్జీ, గనిలో దిగువాడు, అందరును ఆత్మ వరము పొందిన చేతులు గలవారే. నజరేతులో మన ప్రభువును వడ్రంగియే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవుడు దాసుల జనములో నుండి పనివారిని ఏల ఏర్పరచుకొనెను?
2. మీ గుడిని ఎవరు కట్టిరి? ఆ మేస్త్రీల పేర్లు మీ పిల్లలకు తెలియునా?
3. మీ సంఘములో ఏ చేతిపనివారికి తగిన గౌరవము దొరకుట లేదు?

ప్రార్థన: ప్రభువా, మా చేతుల పనిని స్థిరపరచుము. ఖాళీ చేతులతో కూర్చున్న బేత్లెహేము పనివారికి పనియు సమాధానమును దయచేయుము. ఆమేన్.