దమ్ములో ఆరిపోయిన లైటు

ఇద్దరు తోడికోడళ్ళు. వేరు కాపురాలు. ఇద్దరి ఇళ్ళల్లోనూ ట్రాక్టర్లున్నాయి. కిందటేడు నాట్ల ముందు ఇద్దరూ వాటికి ఎల్.ఇ.డి. బారు లైట్లు బిగించారు. ఒకే పట్టీలో చిన్న చిన్న దీపాలు వరసగా ఉంటాయి. అదే బారు లైటు.

పెద్దామె పొదుపు డబ్బుతో కొన్నది. పెట్టె మీద 180 వాట్లు అని ఉంది. చిన్నామె కొన్నది 36 వాట్లే. ధర మాత్రం దానికే ఎక్కువ.

"ఎక్కువ డబ్బిచ్చి తక్కువ వెలుగు కొన్నావేమే చెల్లీ!" అని పెద్దామె నవ్వింది.

ఈ ఏడు దమ్ము చేస్తుంటే, రాత్రిపూట పెద్దామె ట్రాక్టరు లైటు టప్పున ఆరిపోయింది. ట్రాక్టరు అసలు లైట్లు ఎప్పుడో పోయాయి. బారు ఉందిగదా అని బాగుచేయించలేదు. వెనక రోటవేటరు తిరుగుతోంది. గట్టు మీద కొడుకు కూర్చుని ఉన్నాడు. గట్టెక్కడుందో కనపడదు.

"ఆపయ్యా, ఆపు!" అని ఆమె కేక పెట్టింది. భర్త గభాల్న ఇంజను ఆపాడు. పిల్లవాడికి ఏమీ కాలేదు.

మర్నాడు ఇద్దరూ మెకానిక్కు దగ్గరకు వెళ్ళారు. అతను బారు విప్పి చూశాడు.

"ఇది వేడికి పోయిందమ్మా" అన్నాడు.

ఎల్.ఇ.డి. పాత బల్బు కంటే తక్కువ కరెంటుతో వెలుగుతుంది. అయినా తీసుకున్న కరెంటులో చాలా భాగం వేడిగా మారుతుంది. ఆ వేడి దీపం అడుగున చేరుతుంది. అది బయటికి పోవడానికే వెనక అల్యూమినియం రెక్కలు పెడతారు. పెద్దామె బారుకు ఉన్నది పలచని రేకు. దీపాల పలకకూ రేకుకూ మధ్య సందు కూడా ఉంది. ఇక వేడి పోయే దారేది?

పైగా దీపాలు నాసిరకం. వాటిలోకి మోతాదు మించి కరెంటు పంపితే కొత్తలో ధగధగ మెరుస్తాయి. తర్వాత మసకబారతాయి. ఒక దీపం పోతే దాని వరసంతా ఆరిపోవచ్చు. ఈ బారులో కరెంటును అదుపు చేసే ముక్క కూడా మాడింది. అందుకే ఒక్కసారిగా చీకటైంది.

మెకానిక్కు అలాంటిదే కొత్త బారు తీసి బ్యాటరీకి తగిలించాడు. మీటరు 5 ఆంపియర్లు చూపింది. బ్యాటరీ 12 వోల్టులు. వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. పెద్దామె వేళ్ళ మీద లెక్క కట్టింది. 12 ఐదులు 60.

"మరి 180 ఏదయ్యా?"

"అది పెట్టె మీదే ఉందమ్మా!"

చిన్నామె బారు 3 ఆంపియర్లు లాగింది. 36 సరిపోయింది.

ఎక్కువ వాట్లు ఉంటే చెడ్డదని కాదు. నిజమైన 120 వాట్ల బారు 10 ఆంపియర్లు లాగుతుంది. దానికి లావు వైరు, ఫ్యూజు, పెద్ద రెక్కలు కావాలి. ధర కూడా అంతే ఉంటుంది. కొన్ని పెట్టెల మీద 50,000 గంటలు అని రాస్తారు. రోజుకు 5 గంటలు వేస్తే 27 ఏళ్ళు దాటాలి! దీపం వేడెక్కకుండా ఉంటేనే ఆ మాట.

పెద్దామె ముందు ట్రాక్టరు అసలు లైట్లు బాగుచేయించింది. తర్వాత, మీటరు పెట్టి చూసి, దళసరి రెక్కలున్న బారు కొన్నది. రెక్కల మధ్య బురద ఎండితే వేడి పోదు. అందుకని పని కాగానే, బారు చల్లారాక, తడిగుడ్డతో తుడుస్తోంది.

లెక్క చేయండి: పెట్టె మీద 72 వాట్లు అని ఉంది. బ్యాటరీ 12 వోల్టులు. మీటరు ఎన్ని ఆంపియర్లు చూపాలి?