స్వరంలో నిలిచిన స్నేహితుడు

ఉద్దేశం: దూరమైన ఆత్మీయులను జ్ఞప్తికి తెచ్చే శక్తి సంగీతానికి ఉందని తెలపడం, మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ కళాజీవితాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

కొందరు కళాకారులు ఏళ్ల తరబడి కలిసి ఒక కృతిని వినిపిస్తారు. వారిలో ఒకరు శాశ్వతంగా దూరమైతే మిగిలినవారికి ఆ కృతి మునుపటిలా వినిపించదు. రాగం అదే, తాళం అదే. కాని ఒకచోట రావలసిన బదులు రాదు. ఒకరు వాయించిన స్వరానికి మరొకరు జవాబు పలకడమే బృంద సంగీతానికి ప్రాణం. ఆ జవాబు పలికేవారు లేనప్పుడు కృతిని విడిచిపెట్టాలా? లేక మరొకరిని కూర్చోబెట్టి ఆ లోటు తెలియకుండా చేయాలా? ఈ ప్రశ్న 'శక్తి' అనే ప్రఖ్యాత వాద్యబృందానికి ఎదురయింది. ఆ బృందం కోల్పోయిన కళాకారుడు మన తెలుగువాడు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. ఆరేళ్ల ప్రాయంలో తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను చేతికి తీసుకొన్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు ఆ బాలునికి గురువయ్యారు. గురువుగారికి మాండలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నది విన్నట్లు తీగెలపై పలికించేవాడు. పాటను మొదట మనిషి గొంతులో విని, ఆ తరువాత వాద్యంలోకి తెచ్చుకొన్న ఈ సాధన శ్రీనివాస్ వాదనానికి గాత్రధర్మాన్ని ప్రసాదించింది. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆయన తొలి కచేరీ చేశారు. అప్పటికి ఆయన వయస్సు తొమ్మిదేళ్లే.

మాండలిన్ పాశ్చాత్య వాద్యం. దాని తీగెలు జంటలు జంటలుగా ఉంటాయి. మీటిన నాదం క్షణంలో అణగిపోతుంది. కర్ణాటక సంగీతానికి జీవం గమకం. అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ, మరొక స్వరంతో కలుపుతూ పలికించడం. ఇందుకు నాదం కొంతసేపు నిలవాలి. శ్రీనివాస్ జంట తీగెలకు బదులు అయిదు ఒంటి తీగెలు గల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, పరాయి వాద్యం చేత మన రాగాలు పాడించారు. 1998లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

ఆంగ్లేయ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాలిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, ఘట విద్వాంసుడు విక్కు వినాయకరామ్ 1970ల నాటి 'శక్తి' బృందంలో ప్రముఖులు. కొంతకాలానికి ఆగిపోయిన ఆ బృందం 1997లో 'రిమెంబర్ శక్తి' పేరుతో తిరిగి మొదలయింది. తరువాత శ్రీనివాస్ అందులో చేరారు. వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో, శంకర్ మహదేవన్ గాత్రంతో తోడయ్యారు.

ఈ బృందం వినిపించిన వాటిలో 'గిరిరాజ్ సుధ' ఒకటి. త్యాగరాజస్వామి బంగాళ రాగంలో రచించిన 'గిరిరాజసుతా తనయ' అనే వినాయక కృతి దానికి మూలం. 2000లో ముంబయిలో చేసిన కచేరీలో దీనిని వినిపించారు. ఆ ధ్వనిముద్రణ 2001లో విడుదలయింది. అందులో గాత్రం, మాండలిన్, గిటార్, తబలా పరస్పరం పలకరించుకొంటున్నట్లు సాగుతాయి. తెలుగునాట చిన్ననాడు కీర్తనలు నేర్చిన కళాకారుడు ఈ విధంగా త్యాగరాజ కృతిని ప్రపంచ వేదికపైకి తీసుకొని వెళ్లారు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశారు. ఆయన వయస్సు 45 ఏళ్లు. సంగీతలోకం దిగ్భ్రాంతి చెందింది. ఆ తరువాత కొన్నేళ్లపాటు బృందం మౌనం దాల్చింది.

2023లో 'శక్తి' పేరుతోనే 'దిస్ మొమెంట్' అనే సంకలనం వెలువడింది. అందులోని మొదటి రచన పేరు 'శ్రీనీస్ డ్రీమ్', అనగా 'శ్రీని కల'. అది దూరమైన మిత్రునికి సహచరులు సమర్పించిన స్వరాంజలి. అదే సంకలనంలో 'గిరిరాజ్ సుధ' మళ్లీ వినిపిస్తుంది. అయితే ఈసారి అందులో మాండలిన్ లేదు. కొత్తగా చేరిన గణేశ్ రాజగోపాలన్ వయొలిన్‌ను వయొలిన్‌గానే పలికించారు. ఒకరి స్థానంలో మరొకరిని అనుకరణకు నిలపకుండా, కృతిని మాత్రం విడువకుండా బృందం ముందుకు సాగింది. పాత ధ్వనిముద్రణ ఎరిగిన శ్రోత ఆ కృతిని విన్నప్పుడు, లేని మాండలిన్ మనస్సులో వినిపిస్తుంది.

2024 ఫిబ్రవరిలో ఈ సంకలనానికి గ్రామీ పురస్కారం లభించింది. అదే ఏడాది డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కూడా కన్నుమూశారు. మిత్రుని స్మృతికి తాళం వేసిన చేతులే స్మృతిగా మిగిలాయి. ఒకరి జ్ఞాపకాన్ని మోసిన స్వరం ఇప్పుడు ఇద్దరి జ్ఞాపకాలను మోస్తున్నది.

ఇది సంగీతానికి కొత్త కాదు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. ఆయన కృతిని ఆలపించే ప్రతి గొంతూ కానరాని ఆయనను సభకు పిలుస్తూనే ఉంది. పోయినవారి స్థానం పూడేది కాదు, పూడ్చవలసినదీ కాదు. వారు ప్రేమించిన పనిని విడువక కొనసాగించడమే వారికి అర్పించగల నివాళి. లోటును లోటుగానే ఉంచి పాటను సాగించడం స్నేహధర్మం. ఆ ధర్మం పాటించే సహచరులు ఉన్నంతకాలం కళాకారునికి మౌనం లేదు.

ప్రశ్నలు
1. గురువు శిక్షణ శ్రీనివాస్ వాదనాన్ని ఏ విధంగా తీర్చిదిద్దింది?
2. మాండలిన్‌పై గమకాలు పలికించడం ఎందుకు కష్టం? శ్రీనివాస్ ఆ కష్టాన్ని ఎట్లా అధిగమించారు?
3. 'లోటును లోటుగానే ఉంచి పాటను సాగించడం స్నేహధర్మం' – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
4. మీకు ఆత్మీయులైన ఒకరిని గుర్తుచేసే పాటను గురించి పది వాక్యాలు రాయండి.