సంతకం పెట్టే ముందు: కొత్త అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు

సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరారా? పాతిక దాకా సెంటర్లు మీ చేతికొస్తాయి. రివ్యూ మీటింగ్‌లో సీడీపీఓ (ప్రాజెక్టు అధికారి) అడిగేవన్నీ అంకెలే. డబ్బు నడిచేది కూడా వాటి మీదేనని మొదటి నెలలోనే గ్రహించండి.

2017లో కేంద్రం ఖరారు చేసిన లెక్క ప్రకారం పోషకాహారానికి పిల్లవాడికి రోజుకు 8 రూపాయలు, తీవ్ర పోషణ లోపం ఉంటే 12. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించాలి. అసలే చిన్న మొత్తం. రికార్డులో లోపం కనబడకపోతే ఆ పైనున్న 4 రూపాయలూ ఆ బిడ్డకు దక్కవు.

తప్పు ఎక్కువగా తూకం, కొలతల దగ్గరే జరుగుతుంది. పని మీద పని పడి, పోయిన నెల బరువుకు 200 గ్రాములు కలిపి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించేసే టీచర్లు ఉంటారు. ఒక కేసు అనుకుందాం. రెండేళ్ల పాప, జబ్బ చుట్టుకొలత 11.2 సెంటీమీటర్లు. 11.5 కన్నా తక్కువైతే తీవ్ర లోపం కిందే లెక్క. సామ్ (తీవ్ర పోషణ లోపం) కేసులు పెరిగితే మాట పడాల్సి వస్తుందని టీచర్ 11.8 వేశారు. మీరు చూడకుండా ఓకే చేశారు. మీటింగ్ సాఫీగా గడిచింది. పాపను మాత్రం ఎవరూ ఎన్‌ఆర్‌సీకి (పోషకాహార పునరావాస కేంద్రానికి) పంపలేదు. రెండు నెలలకు ఆస్పత్రిలో చేరితే పైవాళ్లు ముందు అడిగేది రిజిస్టరే, దాని మీద ఉన్నది మీ సంతకమే.

అందుకే విజిట్‌కి వెళ్తే రిజిస్టర్లు తర్వాత. స్కేల్ సున్నా మీద ఉందో లేదో చూసి, ముగ్గురు పిల్లల్ని మీ ఎదుటే తూయించండి. రికార్డులో అందరూ ఒకే లెక్కన పెరిగినట్టుంటే అనుమానించాల్సిందే. అలాగని టీచర్‌ని పదిమందిలో నిలదీయకండి. మరుసటి నెల ఇంకా నేర్పుగా దాస్తారు, అంతే.

హాజరు పెంచి రాసినా ఇబ్బందే. 18 మంది వస్తే 26 వేశారనుకోండి. రోజుకో గుడ్డు చొప్పున 25 రోజులకు 200 గుడ్లు తేడా. ఎవరు తిన్నారంటే జవాబుండదు. దీనికి విరుద్ధమైన తప్పూ ఉంది: ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాల పిల్లల్ని మన సెంటర్ కాదని వదిలేయడం. నమోదు చేస్తేనే వాళ్లు ఇండెంట్‌లోకి వస్తారు.

సరుకు తక్కువ దిగితే ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. మిగతాది రేపు తెస్తానంటాడు సప్లయర్ మనిషి. ఇవాళ దిగినంతే రాసి సంతకం పెట్టమనండి టీచర్‌ని. రేపు తెస్తే, రేపటి తేదీతో ఇంకో రసీదు.