కంప్యూటరు శిల్పమున సౌష్ఠవదోషములు, వాని సవరణ

మీలో పలువురు ప్రతిదినమును కాచిగూడ రైలుస్టేషను మీదుగా పాఠశాలకు వచ్చుచున్నారు. 1916వ సంవత్సరమున నిజాము ప్రభువుల యేలుబడిలో నిర్మింపబడిన ఆ సౌధమునకు నడుమ నొక గుమ్మటమును, ఇరుప్రక్కల గుమ్మటములును, మినార్లును గలవు. ఒకనాడు రైలుకొఱకు తొందరపడక దాని కెదురుగా నిలువుడు. నడిమి గుమ్మటపు శిఖరమునుండి నేలవఱకు నొక త్రాడు వ్రేలాడుచున్నట్లు భావింపుడు. ఆ త్రాటికి కుడివైపున నున్నదానికి ఎడమవైపున జోడు కానవచ్చును. దీనినే సౌష్ఠవ మందురు. మన స్థపతులు విగ్రహము చెక్కుటకు ముందు గీచుకొను నడిమి నిలువుగీతకు బ్రహ్మసూత్ర మని పేరు.

కంప్యూటరు తెరపై మట్టిముద్దవంటి రూపమును నొక్కియు, లాగియు, నునుపుచేసియు శిల్పము చేయువారికిని ఇట్టి సూత్రమే ఆధారము. వెలలేకుండ లభించు బ్లెండర్ అను సాఫ్ట్‌వేరులో ఎక్స్ అను అక్షరపు మీటను నొక్కి యుంచినచో, ఒక చెంపపై చేసిన పని రెండవ చెంపపైనను తనంతట జరుగును. ఇంత సులభమైన దానిలో దోష మెట్లు పుట్టునని మీరడుగవచ్చును. క్రిందటి సంవత్సరము మా తరగతిలోనే పుట్టినది.

తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, గతించిన తన తాతగారి ముఖమును చేయ బూనుకొనెను. ఆయన కాచిగూడ స్టేషనులో చిరకాలము కూలీగా నుండినవాడు. ఎడమ కనుబొమపై నొక గాయపుమచ్చ యుండెడిది. సంవత్సరీకమునాటికి ఆ రూపమును ప్రింటు చేయించి నాయనమ్మకు చూపవలెనని బాలిక కోరిక. మూడువారములు శ్రమించిన పిదప, కుడికంటిని దిద్దబోగా ఎడమవైపు గుంట కంటిలో పడక చెవిదగ్గర పడజొచ్చెను. ముక్కునడుమ సన్నని గట్టొకటి లేచెను. "సార్, అంతయు చెరిపి మొదటినుండి చేయవలెనా?" యని యామె కన్నీటితో నడిగెను. పదునైదు దినములే మిగిలియుండెను.

మొదట సూత్ర మెక్కడ నున్నదో వెదకితిమి. బ్లెండరులో సౌష్ఠవమునకు ఆధారము ముఖము కాదు. ఆ వస్తువునకు స్వంతమైన అక్షము. దాని మూలస్థానమును ఆరిజిన్ అందురు. తలను మొత్తముగా ప్రక్కకు త్రిప్పినచో అక్షమును దానితోకూడ తిరుగును గనుక కీడులేదు. కాని త్రిప్పిన తరువాత అప్లై రొటేషన్ అను ఆజ్ఞ నిచ్చినచో, అక్షము లోకపు దిక్కునకు మరలిపోవును, ముఖము మాత్రము ఓరగానే నిలిచిపోవును. ఈ బాలిక ఫోటోకు సరిపోవునట్లు తలను ఓరగా త్రిప్పి, పిమ్మట ఆ ఆజ్ఞ నిచ్చినది. త్రిప్పినప్పుడెల్ల అట్లు చేయుడని బోధించినవారము మేమే! ఎప్పుడు చేయరాదో చెప్పమైతిమి.

దీనికి చికిత్స యిది. ఎడిట్ మోడ్‌లో బిందువుల నన్నిటిని ఎన్నుకొని, పైనుండి చూచుచు, ముక్కును గడ్డమును అక్షముపైకి వచ్చువఱకు త్రిప్పి జరుపవలెను. ఆరిజిన్‌ను వస్తువు మధ్యకు పంపు ఆజ్ఞను ఇక్కడ నమ్మరాదు. రూపము ఒకప్రక్క బరువుగా నున్నచో ఆ మధ్యము ముక్కుపై పడదు. పిదప ముక్కుకొన కొకప్రక్కన చిన్న గుంట చేసి చూడుడు. రెండవ గుంట ఆవలిప్రక్క అంతే దూరమున పడినయెడల సూత్రము కుదిరినట్లే.

ముక్కుపై గట్టునకు కారణము వేఱు. సగము తలను మిర్రర్ అను సాధనముతో జోడుచేసినపుడు క్లిప్పింగ్ వేయకపోవుటచే నడిమి బిందువులు కలియక రెండు వరుసలుగా నిలిచినవి. మెర్జ్ బై డిస్టెన్స్ అను ఆజ్ఞతో వానిని కలుపవలెను. దూరము మిక్కిలి స్వల్పముగా నుండవలెను. తొలిసారి మేము పెద్దసంఖ్య నీయగా తాతగారి పెదవులు రెండును అతుకుకొనిపోయినవి! తరగతి యంతయు నవ్వెను, బాలికయు నవ్వెను.

అటుపిమ్మట సిమ్మెట్రైజ్. ఇది ఒక సగమును చెరిపి, రెండవ సగపు ప్రతిబింబమును అచ్చట నుంచును. సూత్రము కుదురకముందే దీనిని నొక్కినచో ముక్కు అప్పడమువలె వెడల్పగును, లేదా కత్తివలె సన్నగిలును. కాబట్టి దీనిని కడపటనే చేయవలెను. ఇందు దిక్కు నెఱుగుట ముఖ్యము. ఎదుటనుండి చూచునపుడు మన యెడమచేతివైపున నున్నది తాతగారి కుడిచెంప. బాలిక దిక్కు తప్పుగా నెన్నుకొనగా గాయపుమచ్చ రెండు కనుబొమలపైనను వెలసెను. దిక్కు మార్చగా అసలు మచ్చయే మాయమయ్యెను. ఆమె ముఖము చిన్నబోయెను.

ఈ రెంటిలో రెండవదానినే యుంచుకొనుమంటిమి. ఎముక, కంటిగుంత, దవడ మున్నగువానికి సౌష్ఠవము కావలెను. మచ్చ ఆ మనుష్యునిది. దానిని చివర, ఎక్స్ మీటను తీసివేసి, వేఱుగా చేయవలెను. పాత ప్రతిని ఆమె దాచియుంచినందున మచ్చ యాకారమును చూచి మరల చెక్కగలిగెను. ప్రతి పెద్ద మార్పునకు ముందు క్రొత్తపేరుతో నొక ప్రతిని దాచు అలవాటు మీకును ఉండవలెను. జీబ్రష్ వాడువారికి స్మార్ట్ రీసిమ్ అను సాధనము కలదు; అందు ఉంచదలచిన సగమునకు మాస్కు వేయుదురు. కాని ఇరువైపుల బిందువుల అల్లిక ఒకటియే యైనపుడే అది పనిచేయును.

"తాతకు కుడిభుజము దిగియుండెడిది, సార్. అదియు దోషమేనా?" యని బాలిక మరల నడిగెను. ఏండ్లతరబడి పెట్టెలు మోసిన భుజమది. దానిని దింపుమనియే చెప్పితిమి.

సంవత్సరీకమునాడు ఆ రూపమును చేతికిచ్చినపుడు, నాయనమ్మ చాలసేపు మాటాడక కనుబొమను వ్రేలితో తడివినదట. పిదప, "ఈ మచ్చ ఇంక జర పైకుండె, బిడ్డా" యన్నదట. మఱునాడు గంట కొట్టకమునుపే బాలిక కంప్యూటరు గదివాకిట నిలిచియుండెను.