రెండు రజతాల తర్వాత బంగారం
(జూడో క్రీడాకారిణి రియోకో తాని జీవితం – ఒక పరిశీలన)



మన హాస్టళ్ళలో ఆటలంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. జూడో ఆట మనలో చాలామంది చూసి ఉండరు. అయినా ఈ సంచికలో ఒక జపాన్ జూడో క్రీడాకారిణి గురించి రాస్తున్నాము. ఆమె గెలిచిన పతకాలు ఎన్నో తెలుసుకోవడం సులభమే. ఓడిన ప్రతిసారీ ఆమె మళ్ళీ బరిలోకి ఎలా రాగలిగిందో తెలుసుకోవడం మనకు ఎక్కువ అవసరం. ఎందుకంటే పరీక్ష తప్పిన రోజునే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయి, మళ్ళీ పుస్తకం పట్టనివారు ప్రతి ఏడాదీ మన మధ్య ఉంటూనే ఉన్నారు.

జూడో అంటే ఏమిటి?

జూడోను 1882లో టోక్యోలో జిగోరో కానో ప్రారంభించారు. ఎదుటివారి బలాన్నే ఉపయోగించుకుని వారిని పడగొట్టడం ఇందులోని కీలకం. ప్రత్యర్థిని వేగంగా, బలంగా, వీపు నేలకు తగిలేలా విసిరితే దాన్ని 'ఇప్పాన్' అంటారు. దానితో ఆట అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఒక్క క్షణం ఏమరుపాటు చాలు, ఎంతటివారైనా ఓడిపోతారు. అందుకే కొత్తగా చేరినవారికి ముందుగా దెబ్బ తగలకుండా కింద పడటం నేర్పుతారు. ఈ విద్య పేరు 'ఉకెమి'.

పురుషుల జూడో 1964లోనే టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. స్త్రీలకు ఆ అవకాశం చాలా ఆలస్యంగా వచ్చింది. జపాన్‌లోనే మహిళల జాతీయ పోటీలు 1978లో గానీ మొదలు కాలేదు. మొదటి ప్రపంచ మహిళల పోటీలు 1980లో న్యూయార్క్‌లో జరిగాయి. 1988లో ప్రదర్శన క్రీడగా ఉన్న మహిళల జూడోకు 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు ఇవ్వడం మొదలైంది. అంటే పురుషుల తర్వాత 28 ఏళ్ళకు.

రెండు ఓటములు

రియోకో 1975 సెప్టెంబరు 6న జపాన్‌లోని ఫుకువోకాలో జన్మించింది. పుట్టింటి పేరు తమురా. అన్నను చూసి రెండో తరగతిలో జూడోలో చేరింది. ఆమె ఎత్తు 146 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు కూడా లేదు. పోటీపడినది 48 కిలోల విభాగంలో. 1990లో, 15 ఏళ్ళ వయసులోనే, ప్రపంచ విజేత అయిన బ్రిటన్ క్రీడాకారిణి కరెన్ బ్రిగ్స్‌ను సొంత ఊరిలో జరిగిన అంతర్జాతీయ పోటీలో ఓడించింది. 'యవారా' అనే బొమ్మల కథలోని జూడో అమ్మాయి పేరుతో జనం ఆమెను 'యవారా చాన్' అని ముద్దుగా పిలుచుకున్నారు.

1992 బార్సిలోనా ఒలింపిక్స్ నాటికి ఆమెకు 16 ఏళ్ళు. మన ఇంటర్ మొదటి సంవత్సరం వయసు. ఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన సెసిల్ నోవాక్ చేతిలో ఓడి రజతం అందుకుంది. ఆ తర్వాత వరుసగా 84 ఆటలు గెలిచింది. 1993, 1995 ప్రపంచ పోటీల్లో బంగారు పతకాలు సాధించింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆమెకు ఎదురు లేదనే అందరూ అనుకున్నారు. కానీ ఫైనల్లో ఉత్తర కొరియాకు చెందిన 16 ఏళ్ళ కే సున్ హుయ్ ఆమెను ఓడించింది. మళ్ళీ రజతమే.

నాలుగేళ్ళకొకసారి వచ్చే పరీక్షలో రెండుసార్లు ఆఖరి మెట్టు మీద జారిపడటం మామూలు విషయం కాదు. అయినా ఆమె 1997, 1999 ప్రపంచ పోటీల్లో మళ్ళీ గెలిచింది. 2000లో సిడ్నీ ఫైనల్లో రష్యాకు చెందిన ల్యుబోవ్ బ్రులెటోవాను నిమిషం గడవకముందే ఇప్పాన్‌తో ఓడించి బంగారు పతకం సాధించింది. తొలి ఫైనల్ నుండి ఈ గెలుపు దాకా ఎనిమిదేళ్ళు పట్టింది.

పెళ్ళి తర్వాత, తల్లయిన తర్వాత

2003లో బేస్‌బాల్ ఆటగాడు యోషితోమో తానిని పెళ్ళి చేసుకుంది. తమురాగా బంగారం, తానిగా కూడా బంగారం అని చెప్పి 2004 ఏథెన్స్‌కు వెళ్ళి, ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెడెరిక్ జోసినేను ఓడించి ఆ మాట నిలబెట్టుకుంది. 2005 చివర కొడుకు పుట్టాడు. 2007లో తిరిగి వచ్చి ఏడవసారి ప్రపంచ విజేత అయింది. 2008 బీజింగ్‌లో తల్లిగానూ బంగారమే తేవాలనుకుంది. సెమీఫైనల్లో రుమేనియాకు చెందిన అలీనా దుమిత్రు చేతిలో ఓడింది. ఆ రోజే మరో ఆట గెలిచి కాంస్యం తెచ్చుకుంది. మొత్తం ఐదు ఒలింపిక్స్, ఐదు పతకాలు. 2010లో జపాన్ పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికై, అదే ఏడాది పోటీల నుండి విరమించుకుంది.

మనం ఆలోచించవలసిన విషయం

ఇంతటితో ఆపితే ఇది పట్టుదల కథ మాత్రమే అవుతుంది. ఇంకో వైపు కూడా చూడాలి. 2007లో జపాన్ జాతీయ పోటీ ఫైనల్లో తాని తొమోకో ఫుకుమి చేతిలో ఓడింది. 2008లో ఎమి యమగిషి చేతిలో ఓడింది. అయినా పాత విజయాలను లెక్కలోకి తీసుకుని రెండుసార్లూ ఆమెనే ఎంపిక చేశారు. ఇది న్యాయమా అని జపాన్‌లో చర్చ జరిగింది. ఒక్క రోజు ఫలితంతో మనిషిని కొలవకూడదన్న మాట నిజమే. మరి ఆ రోజు గెలిచినవారి సంగతి? ఫుకుమి 2002లోనే, 16 ఏళ్ళ వయసులో, తానిని ఒకసారి ఓడించింది. అయినా ఆమె ప్రపంచ విజేత అయినది 2009లో, ఒలింపిక్స్‌కు వెళ్ళినది 2012లో. ఆమె ఓపిక కూడా తాని ఓపికకు తక్కువది కాదు.

దీని నుండి మేము గ్రహించినది ఇది. పడిన మనిషి లేవడానికి పట్టుదల ఒక్కటే చాలదు. అవకాశాన్ని మళ్ళీ ఆమె చేతికి ఇచ్చేవారు కూడా ఉండాలి. తానికి ఆమె దేశం ఐదుసార్లు ఒలింపిక్స్ అవకాశం ఇచ్చింది. మన ఇళ్ళలో రెండోసారి పరీక్ష ఫీజు కట్టమని అడగడానికే నోరు రాదు. కూలి డబ్బులతో చదివించే అమ్మానాన్నలకు ఒక ఏడాది పోవడమంటే ఏమిటో మనకు తెలుసు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్ళం మేమే. మాకంటే తెలివైనవారు ఒక్క సబ్జెక్టు తప్పి, పనికి కుదిరిపోవడం మేము చూశాము.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. ఫస్టు వచ్చినవారికి బహుమతులు ఇస్తున్నారు, సంతోషం. దానితో పాటు ఫలితాలు వచ్చిన వారంలోనే తప్పినవారి పేర్లు కూడా వార్డెన్ గారిని అడిగి తెలుసుకోండి. సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకముందే ఆ డబ్బు కట్టండి. లెక్కలో, ఇంగ్లీషులో వచ్చినవారు ఆ నెల రోజులు సాయంత్రాలు చదువు చెప్పండి. ఈ పనికి మేము ముందుంటాము.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి తప్పితే ఇంటికి వెళ్ళండి, అమ్మను చూడండి, నాలుగు రోజులు ఉండండి. పుస్తకాలు మాత్రం వెంట తీసుకుని తిరిగి రండి.