పాత మిషన్లు, గోవా ట్రాన్స్: కొన్ని అనుభవ పాఠాలు

తొంభైల నాటి ఎలక్ట్రానిక్ నాట్య సంగీతమైన గోవా ట్రాన్స్‌ని వెతుక్కుని వింటున్న కుర్రాళ్లు ఈమధ్య నా రిపేరు బల్ల దగ్గరకు ఎక్కువగా వస్తున్నారు. ఒకరి చేతిలో బాబాయి అటక మీద వదిలేసిన క్యాసెట్ డెక్, ఇంకొకరి చేతిలో ఆన్‌లైన్లో కొన్న జపాన్ ఆంప్లిఫయర్. నేను సౌండ్ పని మీద ఆ రోజుల్లో గోవాలో కొన్నాళ్లు ఉన్నాను. తర్వాత వయసంతా హైదరాబాదులో ఆంప్లిఫయర్లు బాగుచేస్తూనే గడిచింది. ఆ సంగీతం గురించి నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. దాని రూపాన్ని చాలావరకు ఆనాటి మిషన్లే నిర్ణయించాయి. ఏ మిషను ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో తెలిస్తే పాట తెరుచుకుంటుంది. వచ్చినవాళ్లకు అప్పుడప్పుడు చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. పాట మొదటి నిమిషాన్ని దాటెయ్యకండి

ఎనభైల్లో గోవాలోని అంజునా, వగతోర్ తీరాల్లో పాటలు పెట్టేవాళ్లు క్యాసెట్లు వాడేవారు. పొద్దెక్కాక కూడా సాగే పార్టీలో వినైల్ రికార్డు ఎండకు వంకరపోతుంది, దుమ్ముకు గీతలు పడుతుంది. లోరాన్ అనే ఫ్రెంచి డీజే యూరప్ ఎలక్ట్రానిక్ పాటల్లోంచి గొంతు వినపడే చోట్లు తీసేసి, వాయిద్యం ఉన్న భాగాలనే కలిపి టేపులు తయారు చేసుకునేవాడు. మాటలు లేని, ఆగని సంగీతం కావాలన్న రుచి అక్కడ అలా ముదిరింది.

సోనీ 1987లో డ్యాట్ (డిజిటల్ ఆడియో టేపు) తెచ్చాక తొంభైల్లో అందరూ దాని మీదికి మళ్లారు. అరచేతిలో ఇమిడే క్యాసెట్, 16 బిట్ల డిజిటల్ శబ్దం, టేపు బరబర లేదు, మిషను బ్యాటరీతో నడుస్తుంది. ఇంకా విడుదల కాని పాటలు కూడా లండన్ నుంచి, టెల్ అవీవ్ నుంచి డ్యాట్ టేపుల్లో చేతులు మారుతూ అంజునాకు చేరేవి. కాకపోతే ఆ చిన్న డ్యాట్ మిషన్లలో వేగం కొద్దికొద్దిగా పెంచి తగ్గించే ఏర్పాటు లేదు. రికార్డు ప్లేయరు మీద చేసినట్టు రెండు పాటల దరువునీ ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం కుదిరేది కాదు. దాంతో పాట చేసేవాళ్లే మొదట్లోనూ చివర్లోనూ దరువు లేని శబ్దాన్ని చాలాసేపు ఉంచడం మొదలుపెట్టారు. ఒక పాట పలచబడిపోతుంటే రెండోది దాని కిందనుంచి లేచేది.

ఫోన్లో ఆ మొదటి నిమిషాన్ని వేలితో ముందుకు తోసేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. పాటలు ఎనిమిది తొమ్మిది నిమిషాలు సాగేది ఊరికే కాదు. రాత్రి మొత్తాన్ని ఒక్క ముక్కగా నడిపించాలని చేశారు. కూర్చుంటే గంట కూర్చోండి, లేదంటే ఇంకో రోజు వినండి.

2. శ్రుతి మీద చెవి పెట్టండి

వేగం నిమిషానికి 140 నుంచి 150 దెబ్బలు. ఒక్కో దెబ్బనూ నాలుగు ముక్కలు చేస్తే సెకనుకు దాదాపు పది స్వరాలు. కొత్తగా వినేవాళ్లకు దడదడ తప్ప ఏమీ అందదు, అది సహజం. అప్పుడు దరువుని వదిలేసి కింద ఆధార స్వరాన్ని పట్టుకోండి. చాలా పాటలు మొదటినుంచి చివరిదాకా ఒకే షడ్జం మీద నిలబడి ఉంటాయి. తంబూరా మోగుతుండగా వినడం అలవాటైన మన చెవికి ఇది పెద్ద సాయం. ఆ నేల దొరికాక పైన ఒక్కో పొర ఎప్పుడు చేరిందో, ఎప్పుడు తప్పుకుందో తెలుస్తుంది.

సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్లలకు ఇంకో సంగతి. మాయామాళవగౌళలో కాకలి నిషాదం తీసి కైశికి నిషాదం పెడితే వకుళాభరణం స్వరాలు వస్తాయి. ఇజ్రాయెల్ బృందం ఆస్ట్రల్ ప్రొజెక్షన్ లాంటివాళ్ల పాటల్లో పదేపదే వినపడే స్వరవరుస దానికి చాలా దగ్గర. పశ్చిమాసియాలో దాన్ని హిజాజ్ అంటారు. అంతమాత్రాన ఇది మన కర్ణాటక సంగీతమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాగ సంచారం లేదు, గమకం లేదు. మెట్లు మాత్రం అవే, అందుకే కొత్తచోటులా అనిపించదు.

3. ఒక్క మిషను గురించైనా పూర్తిగా తెలుసుకోండి

నన్నడిగితే ఆ మిషను రోలాండ్ టీబీ-303. తడావో కికుమోతో రూపకల్పన చేసిన ఈ చిన్న వెండిరంగు పెట్టె ఎనభైల మొదట్లో వచ్చింది. ఒంటరిగా గిటారు సాధన చేసుకునేవాళ్లకు పక్కన బేస్ వాయించి పెట్టడం దాని పని. ఆ పని అది సరిగ్గా చెయ్యలేదు. నిజమైన బేస్ గిటారులా పలకలేదు, స్వరాలు ఎక్కించడం పెద్ద తలనొప్పి. సుమారు పదివేలు తయారుచేసి 1984లో ఆపేశారు. సెకండ్ హ్యాండ్ కొట్లలో చవగ్గా దొరికినప్పుడు షికాగో కుర్రాళ్లు కొనుక్కుని, స్వరం మోగుతుండగానే దాని ఫిల్టరు మీటలు తిప్పడం మొదలుపెట్టారు. ఫ్యూచర్ అనే బృందం 1987లో విడుదల చేసిన పాటతో ఆసిడ్ హౌస్ అనే సంగీత శైలి నిలబడింది. గోవా ట్రాన్స్‌లో మెలికలు తిరిగే ఆ జిగట స్వరం అక్కడినుంచి వచ్చిందే.

ఆ స్వరంలో రెండు గుట్లున్నాయి. ఒకటి స్లైడ్, ఒక స్వరం నుంచి పక్క స్వరానికి తెగకుండా జారడం. రెండోది యాక్సెంట్, వరుసలో కొన్ని స్వరాలను మాత్రం నొక్కి పలకడం. ఈ రెండూ ఎక్కడ పడుతున్నాయో గమనిస్తూ ఒక పాట వినండి. పదహారు స్వరాల వరుస ఏమీ మారకుండా తిరుగుతున్నా, ఫిల్టరు కొంచెం కొంచెం తెరుచుకుంటుంటే అది పెరుగుతున్నట్టు ఉంటుంది. మీట తిప్పే చేతి ఓర్పులోనే వాద్యకారుడి గొప్పతనం ఉంది.

షికాగో కన్నా ముందే బొంబాయిలో ఒకాయన ఈ మిషను ముందు కూర్చున్నాడు. హిందీ సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో టీబీ-303, టీఆర్-808 డ్రమ్ మిషను, జూపిటర్-8 సింథసైజరు పెట్టుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు ఇచ్చాడు. మన మోహనకు సాటివచ్చే భూపాలీ, మన హిందోళానికి సాటివచ్చే మాల్‌కౌఁస్ రెండూ అందులో ఉన్నాయి. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఆయన 2015లో పోయాడు. ఆ మిషనులో స్వరం జారే తీరు రాగానికి పనికొస్తుందని ఆయన చెవికి వెంటనే తెలిసిపోయింది. ఆ రికార్డు విన్నప్పుడల్లా ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

4. ప్లగ్గు పెట్టేముందు వెనక్కి తిప్పి చూడండి

జపాన్‌లో అమ్మిన మిషను 100 వోల్టులది, అమెరికాది 120. మన గోడలో ఉండేది 230. నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మిషను ఎన్ని వాట్లు తింటుందో వెనక రాసి ఉంటుంది, దానికి రెట్టింపు తట్టుకునే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి.

ఏళ్ల తరబడి మూలపడి ఉన్న ఆంప్లిఫయరైతే మెకానిక్ చేత మొదటిసారి సిరీస్ ల్యాంప్ మీదే ఆన్ చేయించండి. కరెంటు దారిలో కలిపిన ఆ 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే పరవాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉంది. తీగ పీకేసినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి మూత తీసి వేలు పెట్టకండి.

5. రబ్బరు, ఫోము, కండెన్సరు: ముందు పోయేవి ఇవే

ఇనుము, రాగి పెద్దగా చెడవు. క్యాసెట్ డెక్కులో బెల్టు నల్లటి జిగురులా కరిగిపోయి ఉంటుంది. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పూర్తిగా తుడిచాకే కొత్త బెల్టు వెయ్యాలి, లేకపోతే పాట వేగం వణుకుతుంది. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లే కదులుతుంది, అంత నెమ్మది నడకలో చిన్న తేడా కూడా చెవికి తెలిసిపోతుంది. ఊఫరు అంచున ఉండే ఫోము రింగు వేలితో తాకితే పొడి రాలుతుంటే దాన్ని మార్పించండి, స్పీకరు పారెయ్యనక్కర్లేదు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే సగం కేసుల్లో కాంటాక్ట్ క్లీనరు చాలు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు లోపల ఎండిపోతాయి, ఆంప్లిఫయరు హమ్ అంటూ ఉంటే ముందు వాటినే అనుమానించాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాల కోసం తిరిగితే ఇప్పటికీ చాలా దొరుకుతాయి.

అన్నీ ఒకేసారి పీకి కొత్తవి వెయ్యాలని తొందరపడకండి. పనిచేస్తున్నదాన్ని పనిచెయ్యనివ్వండి.

6. డ్యాట్ టేపు ఉంటే ఈ ఏడాదే ఎక్కించండి

ఇది నేను బతిమాలి చెప్పే మాట. సోనీ 2005లో డ్యాట్ మిషన్లు చెయ్యడం మానేసింది. బాగుచెయ్యగల చేతులు, విడిభాగాలు తగ్గిపోతూ ఉన్నాయి. మామూలు క్యాసెట్ ముసలిదైతే శబ్దం మొద్దుబారుతుంది కానీ పాట మిగులుతుంది. డ్యాట్ అలా కాదు. లోపల హెడ్ ఉన్న డ్రమ్ము నిమిషానికి 2000 సార్లు తిరుగుతూ 13.6 మైక్రాన్ల వెడల్పు గీతలను చదవాలి. కొంతవరకు తప్పులు సరిదిద్దుకుంటుంది, ఆ హద్దు దాటాక టపటపమని తెగి మౌనమైపోతుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో దాచిన టేపులకు బూజు పడుతుంది. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి తెల్లటి మచ్చలు కనిపిస్తే మిషనులో పెట్టకండి. ఆ బూజు హెడ్ మీదికి, అక్కడినుంచి పక్క టేపుల మీదికి పాకుతుంది. శుభ్రంగా ఉన్న టేపునైతే ముందు ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ చుట్టండి. మిషను వెనక డిజిటల్ అవుట్ నుంచి నేరుగా కంప్యూటర్‌కి తీసుకోండి. 48 కిలోహెర్ట్‌జ్‌లో ఉంటే అలాగే ఉంచండి, ఎంపీ3 చేసి అసలును పడెయ్యకండి. టేపు అట్ట మీద ఎవరో పెన్నుతో రాసిన పేర్లు, తేదీలు కూడా ఫొటో తీసి పెట్టండి. ఎప్పుడూ విడుదల కాని పాటలకు ఆ చేతిరాతే ఆధారం.

7. పాత సీడీ కనిపిస్తే వదలకండి

తొంభైల సీడీల్లో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఎడం ఉండేది. తర్వాతి రీమాస్టర్లలో కొన్నిట్లో అంతా ఒకే ఎత్తుకు లేపేశారు. రెండూ పక్కపక్కన పెట్టి, వాల్యూమ్ సమానం చేసుకుని పోల్చండి.

8. కొత్త స్పీకర్లు కొనేలోపు కుర్చీ జరపండి

50 హెర్ట్‌జ్ దెబ్బ అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. మన పడగ్గదులు అంతకన్నా చిన్నవి. దాంతో గదిలో ఒకచోట బేస్ ముంచెత్తుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. స్పీకర్లను గోడకు దూరం జరపడం, కుర్చీని సరిగ్గా గది మధ్యలో పెట్టకపోవడం: ఈ రెండూ డబ్బు ఖర్చులేని పనులు. ఈ సంగీతానికీ స్పీకర్లకూ పాత చుట్టరికం ఉంది. బ్లూ రూమ్ రిలీజ్డ్ అనే ట్రాన్స్ లేబుల్‌ని నడిపిన సైమన్ గహారీ, బవర్స్ అండ్ విల్కిన్స్ వారి పాడ్ స్పీకర్లను రూపొందించినవాడే.

ఇక చెవుల సంగతి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు హద్దు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ కాలం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే. ఈ పనిలో ఉన్నవాళ్లలో వినికిడి పోగొట్టుకున్నవాళ్లను చూశాను. పోయింది తిరిగి రాదు.

9. మత్తు లేకుండా పూర్తిగా వినొచ్చు

ఆ పార్టీల్లో మత్తుమందులు ఉండేవి. వాటివల్ల పాడైపోయినవాళ్లూ ఉన్నారు. నేను స్పీకరు పెట్టెల వెనక వైర్లు చూసుకుంటూ, చాప పరిచి కిరోసిన్ దీపం ముందు కూర్చున్న గోవా ఆడవాళ్లు కాచిన టీ తాగుతూ తెల్లవార్లూ విన్నాను. ఒక్క పొర కూడా నాకు అందకుండా పోలేదు.

10. రాత్రి పది తర్వాత తగ్గించండి

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లను ఆపించాయి. పాత పార్టీలను ఆ నియమం చాలావరకు ముగించింది. నాకు బాధే, అయినా నియమం న్యాయమైనదనే అంటాను. అంజునాలో పొద్దున్నే లేచి పనికి పోవాల్సినవాళ్లు ఉండేవారు, వాళ్ల నిద్ర గురించి ఎవరూ అడగలేదు. ఆ పార్టీలనాటి మనుషులూ వెళ్లిపోతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చి గోవాలో స్థిరపడిన డీజే గోవా గిల్ అందరూ కంప్యూటర్లకు మారిపోయాక కూడా డ్యాట్ టేపులతోనే పాటలు పెట్టాడు. 2023 అక్టోబరులో పోయాడు. ఆ రాత్రులు ఇక రావు. పాటలు మన గదుల్లో ఉన్నాయి, గోడకవతల ఇరుగుపొరుగు ఉన్నారు.

11. ఏ వరుసలో వినాలి

జూనో రియాక్టర్ బృందం 1993లో ఇచ్చిన ఆల్బం ట్రాన్స్‌మిషన్స్‌తో మొదలుపెట్టండి. పొరలు తక్కువ, దారి సులభంగా తెలుస్తుంది. తర్వాత ఆస్ట్రల్ ప్రొజెక్షన్ వారి ట్రస్ట్ ఇన్ ట్రాన్స్, మ్యాన్ విత్ నో నేమ్ వారి మొమెంట్ ఆఫ్ ట్రూత్, రెండూ 1996వి, స్వరవరుసలు స్పష్టంగా ఉంటాయి. అప్పుడు సైమన్ పోస్‌ఫర్డ్ హాలూసినోజెన్ పేరుతో 1995లో చేసిన ట్విస్టెడ్. ముందు స్టూడియోలో ఇంజనీరుగా పనిచేసినవాడు కాబట్టి ఒక్కో శబ్దాన్ని ఎక్కడ నిలబెట్టాలో అతనికి తెలుసు, హెడ్‌ఫోన్లలో వినండి. ఇటలీ బృందం ప్లియాడియన్స్ 1997లో చేసిన ఐఎఫ్ఓను అన్నిటికన్నా చివర పెట్టుకోండి. అందులో పొరలు అంత దట్టంగా ఉంటాయి, ముందువాటితో చెవి సిద్ధం కాకపోతే విడివిడిగా అందవు.