ఉప్పునేలలో వాననీటి చెరువు: సుందరవనాల సేద్యపాఠం

గంగా బ్రహ్మపుత్ర నదులు బంగాళాఖాతంలో కలిసేచోట ఏర్పడిన దీవుల సముదాయమే సుందరవనాలు. పశ్చిమ బెంగాల్‌కు చెందిన భాగంలో 102 దీవులుండగా, 54 దీవులలో జనావాసాలున్నాయి. అక్కడి పొలాలలో అధికభాగం సముద్రపు పోటుమట్టం కన్న పల్లంగా ఉంటుంది. సుమారు 3,500 కిలోమీటర్ల కరకట్టలే వాటికి రక్ష.

2009 మే 25న ఐలా తుపాను తాకిడికి ఆ కట్టలు పలుచోట్ల తెగిపోయాయి. పొలాలనుండి నీరు తీసినా ఉప్పు మిగిలిపోయింది. అధిక దిగుబడినిచ్చే వరి వంగడాలు ఆ ఉప్పును తట్టుకోలేకపోయాయి. నోనా బొక్రా వంటి దేశవాళీ రకాలు తట్టుకోగలవు గాని, అప్పటికే వాటి విత్తనం అరుదైంది. ఎందరో రైతులు కూలిపనికై దూరనగరాలకు వలసపోయారు.

సముద్రమట్టం పెరుగుతున్న కాలంలో కట్ట ఎత్తు పెంచడం ఒక్కటే చాలదు; పొలం రూపు కూడా మారాలి. కానింగ్ పట్టణంలోని కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం రైతులకు నేర్పిన విధానం ఇదే.

పొలంలో ఐదోవంతును సుమారు 3 మీటర్ల లోతు చెరువుగా తవ్వుతారు. సారవంతమైన పైమట్టిని ముందే విడిగా తీసి ఉంచుతారు. లోతునుండి తీసిన మట్టిని మిగిలిన నేలపై పరచి, దానిపై పైమట్టిని కప్పుతారు. దీనితో పొలం మూడు మట్టాలుగా ఏర్పడుతుంది. మెరకపై కూరగాయలు, నడిమి నేలలో వరి, ఆ తరువాత మరో పంట, పల్లంలో వరితోపాటు చేపలు పెంచుతారు.

వేసవిలో భూమి అడుగునున్న ఉప్పునీరు మట్టి సందులగుండా పైకి పాకి, తాను ఆవిరై, ఉప్పును నేలపై వదులుతుంది. నేల ఎత్తయితే ఆ ఉప్పునీటికీ వేళ్లకూ దూరం పెరుగుతుంది. మెరకలోని ఉప్పును వాన కడిగివేస్తుంది. చెరువులో నిలిచిన వాననీరు వేసవి పంటకు తడి అందిస్తుంది.

అయితే ఈ మేలు ఉచితంగా లభించదు. కొద్దిపాటి భూమి గల రైతుకు ఐదోవంతు వదులుకోవడం చిన్న త్యాగం కాదు. తవ్వకానికి ఖర్చవుతుంది. కౌలుదారు తనది కాని నేలను తవ్వలేడు. కట్ట మళ్లీ తెగితే చెరువూ ఉప్పుబారుతుంది. కనుక కట్ట, కట్ట వెలుపల అలల ఉధృతిని తగ్గించే మడ అడవి, లోపల చెరువు — ఈ మూడూ కలిసి ఉండవలసినవే. యానానికి చేరువనున్న కోరింగ మడ అడవులూ తీరానికి అటువంటి రక్షణనే ఇస్తున్నాయి.

వాననీటికి చోటు విడిచిన నేలే మనిషికి చోటు మిగులుస్తుంది. చెరువులు పూడ్చి ఇళ్లు కట్టుకున్న నగరాలలో నివసించే మనకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది.

ఆలోచించండి:
1. మీ వార్డులో కురిసిన వాన ఎటు పోతున్నది?
2. కౌలురైతు పొలంలో చెరువు తవ్వాలంటే ఖర్చు ఎవరు భరించాలి? ఎందుకు?